కరెంటు ఏ వేళ వాడాలి? ఎవరు మానుకోవాలి?

కరెంటు అంటే సైన్సు పాఠం అనుకుంటాం. నేనూ అలాగే అనుకునేదాన్ని. కాని ఎవరు ఏ వేళకి స్విచ్చు వేస్తారు, ఎందుకు వేస్తారు అనేది సాంఘిక శాస్త్రం. అందుకని ఇది రాస్తున్నాను.

వడ్లు గాదెలో పోసుకున్నట్టు కరెంటును పోసి పెట్టుకోలేం. బ్యాటరీల్లో దాచేది కొంచెమే. జనం ఏ క్షణాన ఎంత వాడితే ఆ క్షణానికి అంతే తయారు కావాలి. ఎక్కువైనా కష్టమే, తక్కువైనా కష్టమే.

ఒక ఉదాహరణ చెప్తాను. 1990 జులై 4న ప్రపంచ కప్పు ఫుట్‌బాల్ ఆటలో ఇంగ్లండు, పశ్చిమ జర్మనీ ఆడాయి. దేశమంతా టీవీల ముందు కూర్చుంది. ఇంగ్లండు ఓడింది. ఆట అయిపోగానే అందరూ లేచి టీ కోసం కరెంటు కెటిల్ పెట్టారు. ఒక్కసారిగా 2800 మెగావాట్ల వాడకం పెరిగింది! మన ఏజెన్సీలో దిగువ సీలేరు పవర్‌హౌస్‌లో ఒక్కో యంత్రం 115 మెగావాట్లది. అలాంటివి 25 ఒకేసారి తిప్పితే గాని ఆ టీ కాగదు. పాపం, ఎవరిదీ తప్పు కాదు. అందరికీ ఒకేసారి బాధ వచ్చింది, ఒకేసారి టీ తాగాలనిపించింది.

మన దగ్గర రైతుల సంగతి చూడండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పొలాలకు కరెంటు 7 గంటలే ఇచ్చేవారు. అది కూడా పగలు కొంత, రాత్రి కొంత. రాత్రిపూట చీకట్లో మోటారు వేయడానికి వెళ్ళి పాము కాటుకు, షాకుకు చనిపోయినవాళ్ళు ఉన్నారు. అందుకని రైతులు ఆటో స్టార్టర్లు బిగించుకున్నారు. కరెంటు రాగానే మోటార్లన్నీ ఒక్కసారే లేస్తాయి, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. రైతులకు తెలివి లేదని కొందరంటారు. నాకైతే అలా అనిపించదు. ప్రాణం కాపాడుకోవడం తెలివే కదా. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి పొలాలకు 24 గంటల కరెంటు మొదలుపెట్టినప్పుడు ఆ స్టార్టర్లు తీసెయ్యమని ప్రభుత్వమే రైతులను అడిగింది.

ఇప్పుడు సోలారు వచ్చింది. పగలు కరెంటు బాగా ఉంటుంది, పొద్దుగూకితే ఉండదు. సరిగ్గా అప్పుడే అందరం లైట్లు వేస్తాం. అందుకని 2023లో కేంద్ర ప్రభుత్వం ఒక నిబంధన చేసింది. ఎండ ఉండే గంటల్లో ధర కనీసం 20 శాతం తగ్గించాలి, ఎక్కువ వాడే గంటల్లో పెంచాలి. ముందు ఫ్యాక్టరీలు, పెద్ద వ్యాపారాలకి. 2025 ఏప్రిల్ నుంచి స్మార్ట్ మీటరు ఉన్న ఇళ్ళకి కూడా. పొలాలకి లేదు.

వాషింగ్ మెషిన్, ఏసీ ఉన్నవాళ్ళు వాడే వేళ మార్చుకుంటారు, డబ్బు మిగుల్చుకుంటారు. మా ఇంట్లో రెండు బల్బులు. వాటిని మధ్యాహ్నం వేసుకోమంటే మా అమ్మ నవ్వుతుంది. పగలంతా అడవిలోనో కూలికో ఉంటుంది. ఇంటికొచ్చేదే పొద్దుగూకాక. మార్చడానికి ఏమీ లేనివాళ్ళకి ధర మాత్రం పెరగకూడదు. ఇది నా అభిప్రాయం.

ఇక మన హాస్టల్ సంగతి. నీళ్ళ మోటారు సాయంత్రం 7 గంటలకి వేస్తున్నారు. అప్పుడే మన స్టడీ అవర్. లైట్లు మసకబారి అక్షరాలు కనబడవు. పదో తరగతి అక్కలు పబ్లిక్ పరీక్షకి చదువుకోవాలి. స్టడీ అవర్ జరపలేం, మోటారు జరపొచ్చు. మధ్యాహ్నం వెయ్యొచ్చు కదా అని వాచ్‌మన్ తాతయ్యని అడిగాను. ఆ టైముకి ఆయన అన్నానికి ఇంటికి వెళ్తాడట, అందుకే సాయంత్రం వేస్తున్నాడట. నాకు ఆ సంగతి తెలియదు, ఊరికే కోప్పడ్డాను. మమ్మల్ని స్విచ్చు ముట్టుకోనివ్వరు, అక్కడ తడి. ఆయనకి మధ్యాహ్నం అన్నం హాస్టల్లోనే పెడితే రెండింటికి మోటారు వేస్తానన్నాడు. ఒక పళ్ళెం అన్నం. వార్డెన్ మేడం గారు దయచేసి ఆలోచించాలి.