పశువుల త్రేనుపుకు లెక్క: మడి నుంచి ఉపగ్రహం దాకా

పాడిపశువులు వదిలే వాయువు వల్ల భూమి వేడెక్కుతోందని పత్రికల్లో చదివి, ఇది నిజమేనా, మన గేదెల లెక్క ఎవరు తీశారు అని సభ్యులు అడుగుతున్నారు. అడగవలసిన ప్రశ్నే. పశుపోషణ మీద ఏ షరతు పెట్టదలచినా పెద్దలు మొదట చూసేది ఆ లెక్కనే. అది ఎలా కడతారో ఈ సంచికలో తెలుసుకొందాం.

ఆ వాయువు పేరు మీథేను. గోబర్ గ్యాసు పొయ్యిలో మండేది ఇదే. గాలి చొరని గుంతలో పేడ మురిగి గ్యాసు పుట్టినట్టే, నెమరువేసే పశువు పెద్దపొట్టలో సూక్ష్మజీవులు గడ్డిని పులియబెట్టేటప్పుడు మీథేను పుడుతుంది. చాలామంది అనుకొంటున్నట్టు ఇది వెనుక నుంచి పోయేది కాదు. ఎక్కువ భాగం నోటి వెంట త్రేనుపులుగా పోతుంది. బరువుకు బరువు తూచి, నూరేళ్ల లెక్కలో చూస్తే బొగ్గుపులుసు వాయువు కంటే ఇది సుమారు 28 రెట్లు ఎక్కువగా వేడిని పట్టి ఉంచుతుంది. అయితే గాలిలో సగటున 12 ఏళ్లు మాత్రమే నిలుస్తుంది.

లెక్క కట్టడానికి సులువైన దారి గుణకారం. పశువుల సంఖ్య ఒక పక్క, ఒక్కొక్క పశువుకు ఇంత అనే అంకె మరో పక్క. ఆ అంకె తప్పయితే తప్పు కోట్ల మీద పెరుగుతుంది. వరి విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. నీరు నిలిచిన మడిలోనూ మీథేను పుడుతుంది. మన దేశపు వరి మళ్ల నుంచి ఏటా సుమారు 380 లక్షల టన్నులు వస్తోందని 1990 నాటి విదేశీ అంచనా ఒకటి చెప్పింది. వేరే దేశాల మళ్లలో కొలిచిన అంకెను మన సాగు విస్తీర్ణంతో గుణించిన ఫలితమది.

1991లో ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల ఆధ్వర్యంలో, శ్రీ ఎ.పి. మిత్ర నాయకత్వాన, పలు సంస్థల వారు మళ్లలోకే దిగారు. వరి దుబ్బుల మీద పెట్టె బోర్లించి, కొంత కొంత సేపటికి లోపలి గాలిని సిరంజితో లాగి పరీక్షకు పంపారు. తేలినది సుమారు 40 లక్షల టన్నులు! పదింట ఒక వంతు. మన మళ్లలో చాలావాటికి వానే ఆధారం, నీరు ఏకబిగిన నిలవదు. నేలలో సేంద్రియ పదార్థమూ తక్కువే. పెట్టె బోర్లించి చూసి ఉండకపోతే ఆ నింద వరి రైతు నెత్తినే ఉండేది.

పశువును కొలవడం ఇంకా కష్టం. గదిలో కట్టి కొలిచే పద్ధతి ఉంది గాని ఖర్చు ఎక్కువ, పైగా అక్కడ గేదె ఇంట్లో మేసినట్టు మేయదు. అందుకని గాలి తీసేసిన డబ్బా ఒకటి మెడకు తగిలిస్తారు. ముట్టె దగ్గర నుంచి సన్నని గొట్టం గుండా రోజంతా కొద్దికొద్దిగా ఊపిరి అందులో చేరుతుంది. పెద్దపొట్టలో ముందుగా వేసిన చిన్న గొట్టం నుంచి తెలిసిన మోతాదులో వేరొక వాయువు వెలువడుతూ ఉంటుంది. డబ్బాలో ఆ రెండూ ఏ పాళ్లలో ఉన్నాయో చూసి మీథేను ఎంతో చెబుతారు.

ఇలా పదులు, వందల పశువులను కొలవవచ్చు. దేశం మొత్తానికి చెప్పాలంటే గాలినే అడగాలి. హైదరాబాదు దగ్గరి షాద్‌నగర్‌లో జాతీయ దూర సంవేదన కేంద్రం వారు 2014లో కొలిచినప్పుడు పది లక్షల పాళ్ల గాలిలో మీథేను సగటున 1.92 పాళ్లు ఉంది. ఇంత కొంచెం పదార్థాన్ని పట్టుకోవడం వెన్న శాతం చూసినంత తేలిక కాదు.

పై గాలికి విమానం కావాలి. కారిబిక్ అనే పథకంలో లుఫ్తాన్సా వారి ప్రయాణికుల విమానంలోని సరుకుల గదిలో పరికరాలు పెట్టి పంపారు. 2008లో అది ఫ్రాంక్‌ఫర్ట్, చెన్నైల మధ్య తిరిగినప్పుడు వానాకాలంలో పదీ పన్నెండు కిలోమీటర్ల ఎత్తున మీథేను పెరిగినట్టు కనిపించింది. ఋతుపవన మేఘాలు నేల దగ్గరి గాలిని పైకి ఎత్తుకుపోతాయి మరి.

ఇక ఉపగ్రహం. జపాను వారు 2009 జనవరిలో పంపిన దాని పేరు ఇబుకి, అంటే ఊపిరి. నేలను తాకి తిరిగి పైకి వచ్చే ఎండలో ఏ రంగు కాంతి ఎంత తగ్గిందో చూసి, దారిలో ఎంత మీథేను ఉందో చెబుతుంది. పెద్ద డెయిరీల ప్రయోగశాలల్లో పరారుణ కాంతితో వెన్న శాతం చూసే యంత్రానిదీ ఇదే కిటుకు. అయితే దాని ఒక్కొక్క చూపు పది కిలోమీటర్ల వెడల్పు. మన కొట్టం దానికి కనపడదు. మబ్బు అడ్డమొస్తే అసలే చూడలేదు. సరిగ్గా మన వానాకాలంలోనే దానికి చూపు తక్కువ. విమానం కొలతల విలువ అక్కడ తెలుస్తుంది.

నేల మీది కేంద్రాలు, విమానం, ఉపగ్రహం మూడింటి కొలతలూ కలిపి చేసిన పరిశోధన ఒకటి 2017లో వెలువడింది. 2010 నుంచి 2015 వరకు భారతదేశం ఏటా సగటున 220 లక్షల టన్నుల మీథేను వదిలిందని, అది మన ప్రభుత్వం ఐక్యరాజ్య సమితికి ఇచ్చిన లెక్కతో సరిపోయిందని, ఆ ఏళ్లలో చెప్పుకోదగ్గ పెరుగుదల లేదని అందులో తేలింది. మన దేశంలో మీథేను త్వరగా పెరుగుతోందని చూపిన ప్రపంచ పట్టికలో అంకె ఎక్కువ పడిందనీ, అందుకు కారణం బహుశా పశువుల, చెత్త పద్దులేననీ కూడా వారు చెప్పారు.

ఇంతవరకూ మనకు అనుకూలమే. కాని లెక్కకు రెండో వైపు కూడా ఉంది, అది దాచడం మాకు ఇష్టం లేదు. 2006 నాటి అంతర్జాతీయ మార్గదర్శక పట్టికలో ఉత్తర అమెరికా పాడి ఆవుకు ఏడాదికి 128 కిలోల మీథేను, మన ఉపఖండపు ఆవుకు 58, గేదెకు 55 అని వేశారు. తలకు చూస్తే మనది సగం కంటే తక్కువ. అయితే అదే పట్టికలో ఆ ఆవు పాలు 8,400 కిలోలు, మన ఆవు పాలు 900. అంటే కిలో పాలకు అక్కడ 15 గ్రాములు, ఇక్కడ 64. మన పశువు మనిషి తినలేని వరిగడ్డి, చొప్ప తిని బతుకుతుందన్న మాట నిజమే, కాని త్రేనుపుగా పోయేది పాలు కావలసిన మేత శక్తే. అది మన డబ్బు. పచ్చిమేత, దాణా, ఖనిజ లవణ మిశ్రమం పశువుకు తగిన పాళ్లలో సరిచేసి మేపినప్పుడు కిలో పాలకు వచ్చే మీథేను తగ్గినట్టు ఆనంద్‌లోని జాతీయ పాడి అభివృద్ధి బోర్డు వారు రైతుల పశువుల మెడకు ఆ డబ్బాలు కట్టే కొలిచి చూశారు.