మూడు సిలిండర్ల ఇంజను

విమానం ఎగరడానికి రెక్కలు మాత్రమే చాలవు. దానిని ముందుకు నడిపే ఇంజను కావాలి. ఆ ఇంజను తేలికగా ఉండాలి, దారిలో ఆగిపోకూడదు. తొలి విమాన నిర్మాతలకు ఇదే పెద్ద సమస్య.

ఫ్రాన్సు, ఇంగ్లండుల నడుమ ఉన్న ఇంగ్లీషు చానల్‌ను విమానంలో దాటినవారికి ‘డెయిలీ మెయిల్’ పత్రిక వెయ్యి పౌన్ల బహుమతి ప్రకటించింది. 1909 జూలై 19న లేథం అనే వైమానికుడు బయలుదేరాడు. అతని విమానానికి ఎనిమిది సిలిండర్లు గల 50 అశ్వశక్తి ఇంజను ఉంది. అది మధ్యలోనే ఆగిపోయింది. విమానం సముద్రంలో దిగింది. లేథం ప్రాణాలతో బయటపడ్డాడు.

తరువాత లూయీ బ్లేరియో పూనుకున్నాడు. అతని ఇంజను శక్తి 25 అశ్వశక్తి మాత్రమే. దానిని తయారుచేసినవాడు ఇటలీలో పుట్టి, ఫ్రాన్సులో చిన్న కర్మాగారం నడిపిన అంజాని. మోటారు సైకిలు పందేలలో పేరు పొందినవాడు.

ఆ ఇంజనులో మూడు సిలిండర్లు విసనకర్ర పుల్లల్లా విచ్చుకొని ఉండేవి. వాటిలో పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం మండి పిస్టన్లను నెట్టేది. ఆ కదలికతో ప్రొపెల్లరు తిరిగేది. చల్లబరచడానికి నీరు లేదు. సిలిండర్ల చుట్టూ ఉన్న లోహపు అంచులు వేడిని గాలికి వదిలేవి. అందువల్ల బరువు తగ్గింది. కాని ఎక్కువసేపు నడిస్తే ఇంజను మితిమీరి వేడెక్కేది.

జూలై 25 ఉదయం బ్లేరియో బయలుదేరాడు. దిక్సూచి లేదు. కొంతసేపు ఏ తీరమూ కనిపించలేదు. ఇంజను ఆగితే కింద సముద్రమే. సుమారు 37 నిమిషాలకు అతడు డోవరు కోట సమీపంలో దిగాడు. ఇంజను శక్తి తక్కువే. కాని అవసరమైనంతసేపు అది ఆగలేదు.

ప్రశ్నలు
1. అంజాని ఇంజను బరువు ఎందుకు తగ్గింది? దానివల్ల వచ్చిన ఇబ్బంది ఏమిటి?
2. లేథం, బ్లేరియోల ప్రయత్నాలను పోల్చి రాయండి.