పోలీసు వ్యవస్థ - పౌరుల భాగస్వామ్యం

అంతఃకలహాల నుండి కోలుకొనే దేశాలలో శాంతి ఒప్పందం కంటె పోలీసులపై విశ్వాసం కుదరడమే కష్టతరం. ఉత్తర ఐర్లండులో ఒప్పందం 1998లోనే కుదిరింది. కాని ప్రొటెస్టెంట్లే అధికంగా ఉన్న పోలీసు దళాన్ని కాథలిక్కులు తమదిగా భావించలేదు. 2001లో దాని పేరు మార్చి, కొత్త నియామకాలలో సగం వారికి కేటాయించారు. ఆ పద్ధతి 2011 వరకు సాగింది.

మన నగరంలోనూ 1978, 1990 అల్లర్లను చూచిన పాతబస్తీలో ఊరేగింపులకు ముందు శాంతిసంఘాలు సమావేశమవుతాయి. మొహల్లా పెద్దలు అధికారుల ఎదుట నిర్మొగమాటంగా మాట్లాడతారు. సైబరాబాదు మార్గం వేరు. అక్కడ 2006లో ఏర్పడిన భద్రతా మండలిలో పోలీసులతో చేయి కలిపినవి ఐ.టి. సంస్థలు. ఉద్యోగినులకై నడిపిన ‘షీ షటిల్’ బస్సులు ప్రశంసనీయమే. అయితే మాదాపూరు మేడలు కట్టిన వలసకూలీ తరఫున ఆ మండలిలో మాట్లాడేదెవరు? అతడు ఠాణా మెట్లెక్కిననాడు ఒడియాలో చెప్పుకొనే గోడును వ్రాసుకొనే రైటరు అక్కడ ఉండవలె.