కొండగట్టు పరిసరాలలో తొలి ఉప్పునీటి అక్వేరియం: పరికరాల ఎంపికలో నీరు, వేడి, వ్యర్థ లవణాల లెక్క

కొండగట్టు, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలు సముద్రతీరానికి మూడు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్నాయి. ఇక్కడి కళాశాల ప్రయోగశాలలో గాని, ఔత్సాహికుని ఇంటిలో గాని ఉప్పునీటి అక్వేరియం నెలకొల్పదలచినప్పుడు తొట్టె ఎంత పెద్దది, దీపం ఏ రకానిది అన్న ప్రశ్నలే ముందుకు వస్తాయి. ఈ ప్రాంతంలో చేపలు చనిపోవడానికి ఎక్కువ అవకాశం మరోచోట ఉంది. బోరునీటిలోని లవణాలు, మే నెల వేడి, విద్యుత్తు అంతరాయం అనే మూడింటిని తట్టుకొనే పరికరాలకే తొలి ఖర్చు కేటాయించాలి. సేద్యశాస్త్రం బోధించేవారికి ఇందులో పనేమిటని కొందరికి తోచవచ్చు. నీటి లవణీయత, నత్రీకరణ, బాష్పీభవనం, చౌడు ఇవన్నీ మన పాఠ్యాంశాలే. విస్తరణ శాస్త్రవేత్తను ఎవరైనా ఈ విషయమై సలహా అడిగినప్పుడు ఆ పాఠాలే అక్కరకు వస్తాయి.

లెక్కల సౌలభ్యం కోసం 90 సెం.మీ. పొడవు, 45 సెం.మీ. వెడల్పు, 45 సెం.మీ. ఎత్తు గల తొట్టెను ఉదాహరణగా తీసుకుందాం. రాయి, ఇసుక పోగా ఇందులో సుమారు 150 లీటర్ల నీరు పడుతుంది. చిన్న తొట్టె చౌక గనుక ప్రారంభకులకు అదే తగినదని భావించడం పొరపాటు. నీటి పరిమాణం తగ్గినకొద్దీ వేడి, లవణీయత వేగంగా మారిపోతాయి. 100 లీటర్లకు తక్కువైనదాన్ని తొలి ప్రయత్నానికి సిఫారసు చేయలేము.

నీటి శుద్ధి

ఈ ప్రాంతపు బోరుబావులు చాలావరకు గ్రానైటు, నైస్ శిలల పగుళ్లలోని నీటిని తోడుతాయి. ఆ నీటిలో కాఠిన్యం, సిలికా ఉంటాయి. వరి సాంద్రంగా సాగయ్యే చోట్ల నైట్రేటు కూడా చేరే అవకాశం ఉంది. తాగునీటిలో నైట్రేటుకు భారతీయ ప్రమాణం లీటరుకు 45 మి.గ్రా. తాగడానికి ఆమోదయోగ్యమైన ఆ నీరే తొట్టెకు ఎట్లా చేటు చేస్తుందో చూడండి. వేసవిలో గదిలో రోజుకు 5 మి.మీ. ఆవిరైనా, మన తొట్టె ఉపరితలం నుండి సుమారు 2 లీటర్లు పోతాయి. దాన్ని అదే బోరునీటితో భర్తీ చేస్తే రోజుకు 90 మి.గ్రా. నైట్రేటు తొట్టెలో చేరుతుంది. నెలకు లీటరుకు 18 మి.గ్రా. పెరిగినట్లే. చేపల వ్యర్థాల నుండి ఏర్పడేది దీనికి అదనం. ఆవిరయ్యేది నీరు మాత్రమే, లవణాలు మిగిలిపోతాయి. కాలువ చివరి మడిలో ఉప్పు పేరుకునే తీరు ఇదే.

కనుక మొదట కొనవలసినది రివర్స్ ఆస్మాసిస్ పొరతో పాటు అయాన్ల మార్పిడి గొట్టం కూడా ఉన్న శుద్ధి యంత్రం. ఇంట్లో తాగునీటి కోసం వాడే యంత్రాలలో రుచి కోసం కొంత ముడినీటిని తిరిగి కలిపే ఏర్పాటు తరచుగా ఉంటుంది. గ్రామాలలో అమ్మే 20 లీటర్ల క్యాను నీటికీ ఇదే వర్తిస్తుంది. టి.డి.ఎస్. మీటరులో సున్నాకు దగ్గరగా చూపేవరకు ఆ నీటిని వాడరాదు.

శుద్ధినీటిలో వంటఉప్పు కలిపినంత మాత్రాన సముద్రజలం కాదు. సముద్రజలంలో లీటరుకు సుమారు 410 మి.గ్రా. కాల్షియం, 1,290 మి.గ్రా. మెగ్నీషియం, 400 మి.గ్రా. పొటాషియం ఉంటాయి. అక్వేరియం కోసం తయారైన లవణ మిశ్రమాన్నే వాడాలి.

కొలత సాధనాలు

లవణీయత కిలో నీటికి 35 గ్రాముల వద్ద నిలకడగా ఉండాలి. నాలుగు రోజులు ఊరికి వెళ్లి నీరు కలపకపోతే మన తొట్టెలో 8 లీటర్లు తగ్గి అది 37కు చేరుతుంది. తేలే హైడ్రోమీటరు చౌక గాని, బుడగ అంటుకున్నా అది తప్పు చూపుతుంది. రిఫ్రాక్టోమీటరు మేలు. అయితే చాలామంది దాన్ని స్వేదనజలంతో సున్నాకు సరిచేసి ఊరుకుంటారు. అవసరమైన బిందువు వద్ద, అంటే 35 వద్ద, సరిచూడటం తప్పనిసరి. ప్రయోగశాల నాణ్యత గల సోడియం క్లోరైడు 36.5 గ్రాములను 963.5 గ్రాముల స్వేదనజలంలో కరిగిస్తే, దాని వక్రీభవన గుణకం 35 లవణీయత గల సముద్రజలంతో సమానమవుతుంది. విద్యార్థులు సులభంగా తయారు చేసుకోదగిన ప్రామాణిక ద్రావణమిది.

మన భూసార ప్రయోగశాలలోని ఇ.సి. మీటరును వాడదలచినవారు దాని పరిధిని ముందు చూడాలి. 25 డిగ్రీల వద్ద సముద్రజలపు విద్యుద్వాహకత మీటరుకు సుమారు 53 డెసి సైమన్లు. చేతిలో పట్టే చిన్న మీటర్లలో చాలావాటి పరిధి 20 వద్దనే ముగుస్తుంది. నీరు కలిపి పలుచన చేసి, వచ్చిన విలువను గుణించుకోవచ్చని అనిపిస్తుంది. కాని విద్యుద్వాహకత పలుచనతో సమానుపాతంగా తగ్గదు.

వేడి, విద్యుత్తు

ఈ చేపలకు 24 నుండి 27 డిగ్రీలు అనుకూలం. మే నెలలో ఇక్కడ బయటి ఉష్ణోగ్రత 43 డిగ్రీలు దాటడం వింత కాదు. నీరు వేడెక్కినకొద్దీ అందులో కరిగే ఆమ్లజని తగ్గుతుంది. సముద్రజలంలో 25 డిగ్రీల వద్ద లీటరుకు సుమారు 6.7 మి.గ్రా. కరిగితే, 32 డిగ్రీల వద్ద 6 మి.గ్రా. మాత్రమే కరుగుతుంది. చేపకు అవసరం పెరిగే సమయానికే సరఫరా తగ్గుతుందన్నమాట. నీటిపై గాలి వీచే చిన్న పంకా రెండు, మూడు డిగ్రీలు తగ్గించగలదు. గాలి పొడిగా ఉన్నప్పుడు అది బాగా పనిచేస్తుంది, ముసురు పట్టినప్పుడు అంతగా పనిచేయదు. పైగా ఆవిరి నష్టాన్ని పెంచుతుంది. వేసవి మధ్యాహ్నాలలో కూడా చల్లగా ఉండే గది లేనివారు శీతలీకరణ యంత్రాన్ని, అంటే చిల్లరును, తప్పనిసరి ఖర్చుగా లెక్కించాలి. ఆ స్తోమత లేనప్పుడు ఈ ప్రయత్నం వాయిదా వేయమని చెప్పడమే నిజాయితీ గల సలహా. చలికాలపు రాత్రులు ఈ జిల్లాలలో బాగా చల్లబడతాయి కాబట్టి థర్మోస్టాటు గల 100 వాట్ల హీటరు కూడా ఉండాలి. తొట్టెను అక్టోబరులో ప్రారంభిస్తే వేసవి వచ్చేసరికి అది కుదురుకుంటుంది.

గాలివానల రోజులలో విద్యుత్తు పోయినప్పుడు కాపాడవలసింది దీపాన్ని కాదు, నీటి కదలికను. ప్రవాహ పంపు 10 వాట్లు, గాలి పంపు 5 వాట్లు తీసుకుంటాయనుకుంటే, ఇంట్లోని ఇన్వర్టరు వాటిని రాత్రంతా సునాయాసంగా నడపగలదు. చిల్లరును దానికి తగిలించరాదు. ఇన్వర్టరు లేనిచోట బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి చేతిలో ఉండాలి.

వడపోత

తొట్టెలో అసలైన వడపోత సాధనం సూక్ష్మజీవులే. అమ్మోనియా నైట్రైటుగా, తరువాత నైట్రేటుగా మారే క్రమం మన చేలలో జరిగేదే. ఒక మి.గ్రా. అమ్మోనియా నత్రజని పూర్తిగా నత్రీకరణ చెందడానికి 4.57 మి.గ్రా. ఆమ్లజని ఖర్చవుతుంది. నీటి కదలికను కాపాడాలనడానికి ఇది మరో కారణం. వరిపొలంలో నీటి పిహెచ్, ఉష్ణోగ్రత పెరిగినప్పుడు యూరియా నత్రజని అమ్మోనియా వాయువుగా ఎక్కువ నష్టపోతుందని విద్యార్థులకు చెబుతాము. పిహెచ్ 8.2 ఉండే తొట్టెలో ఆ వాయువే చేపను చంపే విషం. అందుచేత అమ్మోనియా, నైట్రైటు పరీక్షా కిట్లు లేకుండా చేపను తీసుకురాకూడదు. అమ్మోనియం క్లోరైడు కొద్ది మోతాదులో వేసి, రెండూ సున్నాకు వచ్చేవరకు సాధారణంగా నాలుగు నుండి ఆరు వారాలు ఆగవలసి వస్తుంది.

సూక్ష్మజీవులకు ఆధారంగా సముద్రపు సజీవ శిల వాడాలని పాశ్చాత్య పుస్తకాలు చెబుతాయి. మన దేశంలో గట్టి పగడాలను, సముద్రాశ్వాలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో చేర్చారు. వాటిని సేకరించడం, అమ్మడం, కొనడం నేరం. రంధ్రాలున్న సిరామిక్ రాయి ఆ పనికి చాలు. చేపలలో కూడా హేచరీలో పుట్టినవాటినే కోరాలి. క్లౌన్ చేపల హేచరీ విధానాన్ని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ రూపొందించింది.

నురుగు ద్వారా మాంసకృత్తులను తీసివేసే స్కిమ్మరు మంచి పరికరమే గాని, రెండు చిన్న చేపలుండి వారం వారం నీరు మార్చే తొట్టెకు తొలి ఏడాది అది లేకపోయినా నడుస్తుంది. పగడాలు లేనప్పుడు సాధారణ ఎల్.ఇ.డి. దీపం చాలు. ఖరీదైన దీపం నాచును పెంచుతుంది.

ఏ జాబితాలోనూ కనిపించని జాగ్రత్త ఒకటుంది. పురుగుమందు కలిపిన బకెట్టును, పైపును తొట్టె పనికి వాడరాదు. కృత్రిమ పైరిథ్రాయిడ్లు చేపలకు అతి విషపూరితమైనవి. దోమల నివారణ ద్రవాలలో, చుట్టలలో ఉండేవీ ఆ కోవకు చెందినవే. గాలి పంపు ఆ గది గాలినే నీటిలోకి నెడుతుందని మరువరాదు.

మార్చిన నీరు

వారానికి 20 లీటర్లు మార్చితే ఒక్కసారికి 700 గ్రాముల లవణం, ఏడాదికి 36 కిలోలు బయటికి వస్తాయి. దాన్ని 40 చదరపు మీటర్ల పెరటిలో పోశారనుకుందాం. 15 సెం.మీ. లోతు మట్టి బరువు సుమారు 8.4 టన్నులు. కొట్టుకుపోయే భాగాన్ని పక్కనబెడితే ఆ మట్టిలో లవణాలు 0.4 శాతం దాటుతాయి. నేల సారపు విద్యుద్వాహకత 4 డెసి సైమన్లు దాటితేనే పాలచౌడు అంటాము. వరి దిగుబడి 3 వద్దనే తగ్గనారంభిస్తుంది. అంతకన్నా మొండిది సోడియం సమస్య. సముద్రజలపు సోడియం శోషణ నిష్పత్తి సుమారు 60. నల్లరేగడిలో అది మట్టి కణాలను విడదీసి, నీరు ఇంకకుండా చేస్తుంది. ఆపై జిప్సం వేసి బాగుచేయడం తొట్టె ఖర్చును మించిన పని. పసుపు మడి, మామిడి పాదు, బావి గట్టు దరిదాపులలో ఈ నీరు పడకూడదు. చెరువులో, కాలువలో నీటిని గాని, చేపను గాని వదలకూడదు.

పట్టణంలో మురుగునీటి కాలువ ఉంటే అందులో పోయవచ్చు. పల్లెలో సేద్యపు కుంటలకు పరిచే ప్లాస్టిక్ పట్టాతో ఒక చదరపు మీటరు విస్తీర్ణం గల లోతులేని పళ్లెం తయారు చేసుకోవాలి. అందులో 20 లీటర్లు 20 మి.మీ. లోతున నిలుస్తాయి, ఎండాకాలంలో కొద్ది రోజులకే ఎండిపోతాయి. మిగిలిన ఉప్పును గీకి చెత్తతో పంపాలి. వానాకాలపు నాలుగు నెలలకు 200 లీటర్ల మూత డ్రమ్ములు రెండు కావలసి వస్తాయి. వీటిని కూడా పరికరాల జాబితాలో మొదటి రోజే రాసుకోవాలి. పళ్లెం చుట్టూ ఉన్న మట్టి ఇ.సి.ని తొట్టె ప్రారంభానికి ముందొకసారి, తొలి వేసవి తరువాత మరొకసారి పరీక్షింపజేయాలి.