పెద్దమ్మ వేలు, అమ్మ కంచం

సమస్య

నల్గొండలో టీచర్‌గా పనిచేస్తున్న ఓ కూతురు రాసిన ఉత్తరమిది. ఆమె తల్లికి 58 ఏళ్లు, ఊరు మర్రిగూడ దిక్కున. షుగర్ బయటపడి ఆరేళ్లయింది. గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన గోలీ రోజూ వేసుకుంటుంది. నిరుడు ఆ తల్లి అక్కకు కాలి బొటనవేలి మీద పుండు లేచింది. షుగర్ వల్ల ఎంతకీ మానక చివరికి వేలు తీసేశారు. ఆస్పత్రిలో అక్కకు తోడుగా ఉండి ఇంటికొచ్చిన రోజు నుంచి తల్లి అన్నం ముట్టలేదు. ఆ తర్వాత పాలు, పెరుగు, పండ్లు, ఆలుగడ్డ మానేసింది, ఆఖరికి పప్పు కూడా. ఇప్పుడు పొద్దున ఒక జొన్న రొట్టె, మధ్యాహ్నం ఒకటి, ఉడకబెట్టిన సోరకాయ. రాత్రికి అదీ లేదు. పది కిలోలు తగ్గింది. పెండ్లిళ్లకు పోవడం మానుకుంది. తెల్లవారుజామున చెమటలు పట్టి చేతులు వణుకుతుంటే షుగర్ పెరిగిందనుకొని మధ్యాహ్నం రొట్టెను సగం చేసింది.

"అమ్మా, ఒక్క ముద్ద తిను" అంటే, "రేపు నా కాలు తీసేస్తే నువ్వొచ్చి మోస్తవా బిడ్డా?" అంటుందట. మొన్నటి పరీక్షలో హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది. "చూసినవా, తినకుంటేనే తగ్గింది" అని తల్లికి సంబరం. కంట్రోల్‌లోనే ఉంది కదా, వదిలెయ్ అంటాడు తమ్ముడు. బతిమాలాలో, కోప్పడాలో కూతురికి పాలుపోవడం లేదు.

సలహా

కంచం సంగతి తర్వాత. ముందు ఆ చెమటల సంగతి చూడాలి, అదీ ఈ వారంలోనే. గ్లిమెపిరైడ్ మనిషి తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తూనే ఉంటుంది. తిండి పావువంతుకు పడిపోయి గోలీ మాత్రం పాత మోతాదులోనే ఉంటే రక్తంలో చక్కెర 70 కన్నా కిందికి జారుతుంది. తెల్లవారుజామున చెమట, వణుకు, గుండెదడ చాలాసార్లు దాని గుర్తులే. ఆ తల్లి వాటిని తిరగేసి అర్థం చేసుకుని, తిండి అవసరమైన చోట పథ్యం పెంచుతోంది. 6.1 చూసి తమ్ముడు ధీమాగా ఉండటమూ సరికాదు. అది సుమారు మూడు నెలల సగటు. రాత్రిపూట పడిపోయిన అంకెలు ఆ సగటులో కలిసిపోయి బయటికి కనిపించవు.

గోలీని సొంతంగా ఆపకూడదు. ఆమె తింటున్నదేమిటో, చెమటలు ఎన్ని గంటలకు పడుతున్నాయో, ఎంత బరువు తగ్గిందో ఒక కాగితం మీద రాసి డాక్టరు ముందు పెడితే మోతాదు మార్చాలా, మందే మార్చాలా అన్నది ఆయన తేలుస్తారు. ఈలోగా వణుకు వస్తే గ్లూకోమీటర్‌తో చూడాలి. 70 లోపు ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పావుగంట తర్వాత మళ్లీ చూడాలి. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా 108కు ఫోన్ చేయాలి.

ఇక భయం దగ్గరికి వద్దాం. షుగర్ ఉన్నవాళ్లను ఆ జబ్బు ఆలోచనే ఎంతగా నలిపేస్తుందో కొలవడానికి విలియం పొలోన్స్‌కీ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1995లోనే ఒక ప్రశ్నావళి తయారుచేశారు. ఇంట్లోవాళ్లు కంచం మీద కాపలా కాస్తే ఈ బాధ ఎక్కువవుతుందే తప్ప తగ్గదు. తినొద్దని కాసే కాపలా అయినా, తినమని కాసేదైనా ఒకటే. ఈ తల్లిది తెలియనితనం కాదు. అక్క వేలు పోవడం కళ్లారా చూసిన మనిషి ఆమె. అన్నం గురించి ఎంత వాదించినా ఆమె దిగులు కాలి దగ్గరే ఉంటుంది కాబట్టి కూతురు మాట అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

షుగర్ వల్ల కాలు తీసేయాల్సి వచ్చినవాళ్లలో ఎక్కువమందికి అది చిన్న పుండుతోనే మొదలవుతుంది. ఏళ్ల తరబడి షుగర్ అదుపు తప్పి ఉంటే నరాలు మొద్దుబారతాయి, ముల్లు గుచ్చుకున్నా తెలియదు. రక్తం సరిగా అందక పుండు మానదు. కాబట్టి ఏటా ఒకసారి పాదాల పరీక్ష చేయించాలి. సన్నని నైలాన్ తీగను అరికాలికి ఆనించి స్పర్శ చూస్తారు, పాదంలో నాడి చూస్తారు. నల్గొండ, మహబూబ్‌నగర్ రెండు చోట్లా ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. తల్లిని అక్కడికి తీసుకెళ్లి, "నా కాళ్లెట్లున్నయి సారూ?" అని ఆమె చేతనే అడిగించాలి. ఇంట్లో రోజూ రాత్రి కూతురో కొడుకో అరికాళ్లు, వేళ్ల సందులు చూసిపెట్టాలి. చేనుకు పోయినా చెప్పులు విడవొద్దని చెప్పాలి. పథ్యంతో ఆమె వెతుక్కుంటున్న ధైర్యం చాలావరకు ఇందులో దొరుకుతుంది.

ఆమెకు చెప్పాల్సిన మాట మరొకటుంది. పప్పు, పాలు, గుడ్డు మానేస్తే ఒంటికి మాంసకృత్తులు చాలవు, అవి చాలకపోతే పుండు మానడం ఆలస్యమవుతుంది. మెట్‌ఫార్మిన్ ఏళ్లపాటు వాడితే బీ12 తగ్గవచ్చు. పాలు, పెరుగు కూడా మానేస్తే ఆ లోటు పెరిగి పాదాలు తిమ్మిరెక్కవచ్చు. అంటే కాలి కోసం చేస్తున్న ఈ పథ్యమే కాలికి చేటు చేస్తోంది. పైగా ఆమెది ఫ్లోరైడ్ బాధ పడ్డ మర్రిగూడ ప్రాంతం. కాల్షియం చాలనివాళ్లకు ఫ్లోరైడ్ దెబ్బ మరింత గట్టిగా తగులుతుంది. ఏళ్లపాటు బోరునీళ్లు తాగిన ఎముకలకు పెరుగు, తైదల అంబలి మాన్పించడం అన్యాయం.

ఈ భయానికి చెవిన పడే సలహాలు ఆజ్యం పోశాయి. మంతెన సత్యనారాయణరాజు ఉప్పు, నూనె వద్దన్నారు. వీరమాచనేని రామకృష్ణ అన్నం మాని కొవ్వు తీసుకోమన్నారు. ఖాదర్ వలీ వరి, గోధుమలు వదిలి కొర్రలు, సామలు, అరికెలు తినమన్నారు. ఎవరి పద్ధతి వారిదే. వాటిని వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా విన్న మనిషికి మాత్రం 'వద్దు' అన్నవే గుర్తుంటాయి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాలు ధాన్యాల నుంచి వచ్చే శక్తి రోజు మొత్తంలో 45 శాతానికి మించొద్దన్నాయి, ధాన్యమే వద్దనలేదు. జొన్నలు కూడా ఆ లెక్కలోకే వస్తాయి. జొన్న రొట్టెలోనూ పిండిపదార్థమే ఎక్కువ.

మందు సంగతి తేలాక ఒక్కో వస్తువునే వెనక్కి తేవాలి. మొదట పప్పు, వారం తర్వాత పెరుగు, ఆ తర్వాత అన్నం. ముందు కూర, పప్పు తిని చివర్లో చిన్న కప్పు అన్నం తింటే చక్కెర ఒక్కసారిగా ఎగబాకదు. తినడం మొదలుపెట్టిన రెండు గంటలకు ఆమే మీటర్ చూసుకోవాలి. అంకె 180 లోపు ఉంటే కూతురు వంద మాటలు చెప్పినా రాని నమ్మకం ఆమెకు వస్తుంది. దాటిన రోజు కప్పు కాస్త తగ్గించుకోవాలి, అన్నమే మానేయక్కర్లేదు. నల్గొండ బత్తాయి రసం పిండుకోకుండా తొనలుగా తినొచ్చు. పాలమూరు బాలానగర్ సీతాఫలం సీజన్‌లో సగం పండు తిని మీటర్ ఏమంటుందో చూసుకోవచ్చు.

తమ్ముడికీ ఒక పని ఉంది. పాదాల పరీక్షకు అతనే వెంట పోవాలి. కూతురు ఒక్కతే చెబితే అది పోరుగానే వినిపిస్తుంది. ఇంట్లో అందరూ అదే కూర, అదే పప్పు తినాలి. ఆమెకు వేరే గిన్నె పెట్టొద్దు. మందు మార్చాక కూడా ముద్ద నోటిదాకా రాగానే చేయి ఆగిపోతుంటే, బరువు ఇంకా తగ్గుతుంటే మానసిక వైద్యుల సాయం తీసుకోవాలి. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్‌లో తెలుగులోనే ఉచితంగా మాట్లాడతారు. తల్లి ఒప్పుకోకపోతే ముందు కూతురే చేసి తన గోడు చెప్పుకోవచ్చు.