అర్థము చెప్పి చదువుట
(ధ్యాన భాగము: నెహెమ్యా 8:1–12)



“అయ్యగారు ఈ దినము బాగా చెప్పిరి” అని ఆరాధన పిమ్మట అనేకులు అందురు. ఏమి చెప్పిరని ఇంటనున్న ముసలితల్లి అడిగినయెడల జవాబు లేక నవ్వుదురు. ఈ లోపము వినువారిదే అని కొందరు బోధకుల తీర్పు. నెహెమ్యా 8వ అధ్యాయము అట్లు చెప్పుట లేదు.

యెరూషలేము ప్రాకారము 52 దినములలో కట్టబడెను. పిమ్మట ఏడవ మాసము మొదటి దినమున జనులు నీటి గుమ్మము ఎదుటి మైదానమున కూడుకొనిరి. పురుషులే కాదు, స్త్రీలును, విని గ్రహింపగల వారందరును వచ్చిరి. గ్రంథము తెమ్మని ఎజ్రాను అడిగినవారు జనులే! ఆయన ఉదయము మొదలు మధ్యాహ్నము వరకు చదివెను. (మన సంఘములలో గంట దాటగానే గడియారము చూచువారున్నారు, అది వేరు సంగతి.) ఆయన కొయ్యపీఠముమీద అందరికి కనబడునట్లు నిలిచెను. అయినను అది చాలలేదు. 7వ వచనమున 13 మంది పేర్లున్నవి. వీరును లేవీయులును, జనులు తమ చోటనే నిలిచియుండగా, చదివినదానికి అర్థము చెప్పిరి. చెరలో అనేకులకు అరామిక్ భాష అలవాటాయెను గనుక తర్జుమా చేసి చెప్పిరని కొందరు పండితుల తలంపు.

వినినవారు మొదట ఏడ్చిరి. ఏడ్వవద్దు, భుజించుడి, ఏమియు లేనివారికి భాగములు పంపుడి అని పెద్దలు చెప్పిరి. వారి సంతోషమునకు కారణము 12వ వచనములో నున్నది: చెప్పిన మాటలు వారికి తెలిసెను. మైకు శబ్దము ఎంత పెంచినను ఈ సంతోషము రాదు.

వాక్యము తెలుగులోనికి వచ్చుటకును ఇట్టి ప్రయాసమే జరిగెను. 1805లో విశాఖపట్టణము చేరిన లండన్ మిషనరీలు జార్జి క్రాన్, అగస్టస్ డి గ్రాంజెస్ అనువారు ఆనందరాయరు సహాయముతో తర్జుమాకు పూనుకొనిరి. క్రాన్ 1809లోను, డి గ్రాంజెస్ 1810లోను మరణించిరి. 1812లో బెంగాలులోని శ్రీరాంపూరులో మూడు సువార్తలు అచ్చుపడునప్పటికి ఇద్దరును లేరు. ఇంత వెలపెట్టి తెచ్చిన మాటను అర్థము చెప్పక వదలివేయుట తగునా?

“సమాధానము” అను మాట చూడుడి. బడిపిల్లవానికి అది ప్రశ్నకు జవాబు. దేవునితో సమాధానమనగా వాడేమి తలంచును? విరోధము తీరి మరల కలిసికొనుట అని ఒక్క నిమిషము చెప్పినచో చాలును.

“విమోచన” ఇంకను పెద్ద మాట. ప్రసంగములలో దీనిని పదిమార్లు పలుకుదురు గాని విప్పి చెప్పువారు తక్కువ. లేవీయకాండము 25:25 తెరువుడి. బీదయై పొలమమ్ముకొనినవాని కొరకు దగ్గర బంధువు వచ్చి దానిని విడిపించును. తాకట్టు పెట్టిన ఎకరమునకు వడ్డీ కట్టుచున్న రైతు ఇది వినగానే తలయెత్తి చూచును! పిమ్మట రూతు 4కు రండి. అందరికంటె దగ్గరి బంధువు తన స్వాస్థ్యము చెడునని వెనుదీసెను. బోయజు ఆ ఖర్చు తనమీద వేసికొనెను. అక్కడనుండి క్రీస్తునొద్దకు నడిపించుట కష్టము కాదు. ఆయన రక్తమాంసములలో పాలివాడై మనకు బంధువాయెను. మన తాకట్టు విడిపించుటకు తన ప్రాణమునే వెలగా చెల్లించెను.

కావున ఆదివారము పాఠము చదువువారు శనివారము రాత్రియే ఇంట రెండుమార్లు బిగ్గరగా చదువుకొనవలెను. ప్రసంగమైన తరువాత చదువురాని ఒక అక్కనో, కూలికి వెళ్లు ఒక తమ్మునినో విన్న సంగతి తన మాటలలో చెప్పుమని ప్రేమతో అడుగుడి. ఎవరును నవ్వకూడదు. చెప్పలేకపోయినచో బోధకుడే మరల చెప్పవలెను. రూతు 4తో ప్రారంభింపవచ్చును.