తీపి పానీయం ఒలికినప్పుడు విద్యుత్ పరికరాల శుభ్రత

వంట, చదువు, నిద్ర అన్నీ ఒకే గదిలో సాగే నగరపు ఇల్లు. పిల్లవాడి చేతిలోని నిమ్మ షర్బత్ గ్లాసు జారి, టీవీ రిమోట్ మీద, నేలపైనున్న ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద ఒలుకుతుంది. తల్లి కంగారుగా తడిగుడ్డ అందుకుంటుంది. తుడవడానికి ముందు ఆమె చేయవలసిన పని ఒకటుంది: విద్యుత్తును ఆపడం.

చక్కెర వల్ల కలిగే హాని

నీరు ఆవిరైపోతుంది, చక్కెర మిగిలిపోతుంది. ఆ జిగట పొర గాలిలోని తేమను పట్టి ఉంచుతుంది. చెన్నై, ముంబై వంటి సముద్రతీర నగరాలలో ఈ బాధ మరింత ఎక్కువ. నిమ్మరసంలో సిట్రిక్ ఆమ్లం, కోలా పానీయాలలో ఫాస్ఫారిక్ ఆమ్లం ఉంటాయి. ఇవి తేమతో కలిసి సర్క్యూట్ బోర్డుపై రాగి గీతలను క్రమంగా తినివేస్తాయి. నేడు పనిచేసిన పరికరం కొన్ని వారాలకు మూగబోవడానికి కారణమిదే. తీపికి చీమలు కూడా చేరుతాయి.

మొదట చేయవలసినవి

1. పొడి నేలపై నిలబడి, పొడి చేతులతో మెయిన్ స్విచ్ ఆపాలి. ఆ తరువాతే ప్లగ్ తీయాలి. మెయిన్ స్విచ్‌ వద్దకు తడిలో నడిచి వెళ్లవలసి వస్తే, ఎలక్ట్రీషియన్‌ను పిలవడం మేలు.
2. ఎవరికైనా షాక్ తగిలితే వారిని చేతితో ముట్టరాదు. ముందు విద్యుత్తును ఆపాలి.
3. రిమోట్ నుండి సెల్‌లు తీయాలి. ల్యాప్‌టాప్‌ను వెంటనే ఆపి, తెరిచి బోర్లించి, ద్రవం బయటికి కారనివ్వాలి. పనిచేస్తున్నదో లేదో చూడటానికి మళ్లీ ఆన్ చేయరాదు.

రిమోట్ శుభ్రపరచే విధానం

రిమోట్‌ను విప్పి, రబ్బరు బటన్ల పొరను సబ్బునీటితో కడిగి ఆరబెట్టాలి. సర్క్యూట్ బోర్డును స్వేదన జలంలో ముంచిన మెత్తని బ్రష్షుతో తుడవాలి. ఇన్వర్టర్ బ్యాటరీలలో పోసే ఈ నీరు బ్యాటరీ దుకాణాలలో దొరుకుతుంది. అక్కడే బ్యాటరీ ఆమ్లం కూడా అమ్ముతారు గనుక, సీసాపై పేరు చదివి కొనాలి.

తరువాత 90 శాతానికి తగ్గని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మరోసారి తుడవాలి. ఈ వరుస మార్చరాదు. చక్కెర నీటిలో కరుగుతుంది; ఈ ఆల్కహాల్‌లో దాదాపు కరగదు. ఆల్కహాల్ పని మిగిలిన నీటిని వెంట తీసుకొని త్వరగా ఆవిరైపోవడమే. అది సులభంగా మండుతుంది గనుక పొయ్యి, దీపం, అగరువత్తి దగ్గరలో ఉండరాదు. కిటికీలు తెరిచి ఉంచాలి. కనీసం 24 గంటలు ఆరిన తరువాతే సెల్‌లు వేయాలి.

చేయరాని పనులు

తడిసిన ఫోన్‌ను బియ్యంలో పెట్టడం వలన చక్కెర పోదు. పిండి, ధూళి రంధ్రాలలో చేరుతాయి. హెయిర్ డ్రయ్యర్ ద్రవాన్ని మరింత లోపలికి నెట్టవచ్చు. మైక్రోవేవ్ ఓవెన్‌ను ఇంట్లో విప్పనే రాదు. ప్లగ్ తీసిన తరువాత కూడా దాని కెపాసిటర్‌లో ప్రాణాపాయకరమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. ల్యాప్‌టాప్, ఫోన్‌లను ఆలస్యం చేయక మరమ్మతుదారుకు ఇచ్చి, ఏ పానీయం ఒలికిందో దాచక చెప్పాలి. లోపలికి తీపి ద్రవం చేరిన ఎక్స్‌టెన్షన్ బోర్డును మళ్లీ వాడకుండా కొత్తది కొనడమే క్షేమం.

పనికిరాని పరికరం

2023 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నిర్వహణ నియమాలు, 2022 పాత పరికరాల పునఃచక్రీయానికి సంబంధించినవి. పాడైన పరికరాన్ని తడి చెత్తలో గాని పొడి చెత్తలో గాని కలపక, ఈ-వ్యర్థాల సేకరణ కేంద్రానికి అందజేయాలి. ఉబ్బిన బ్యాటరీని గుచ్చడం, నొక్కడం చేయరాదు. చెత్త బండిలో నలిగితే అది అంటుకొని, పారిశుద్ధ్య కార్మికుని ప్రాణం మీదికి రావచ్చు.